తిరుగుతూ ఉండే కుటుంబం: టీచర్‌ను వెంట తీసుకెళ్లాలా, ఆన్‌లైన్ ట్యూషన్ చాలా?

మేం నలుగురం ఏడాదిన్నరగా దేశాలు తిరుగుతున్నాం. అమ్మాయికి 13, అబ్బాయికి 9. ఇన్నాళ్లూ చదువు మేమే చెప్పుకొచ్చాం. అబ్బాయితో ఇబ్బంది లేదు, మ్యాప్ చేతికిస్తే చాలు, దూరాలూ కరెన్సీ లెక్కలూ వాడే వేసుకుంటాడు. అమ్మాయి దగ్గరే మా పని అయిపోయింది. మొన్న క్వాడ్రాటిక్ ఈక్వేషన్ ఒకటి అడిగితే నేనొకటి, మావారొకటి జవాబు చెప్పాం. పుస్తకం వెనక చూసి, ఇద్దరిదీ తప్పే అంది.

అమ్మాయి చేత కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష) ఏ స్కూల్లోనూ చేర్చకుండా ప్రైవేటుగా రాయించాలని మా ఆలోచన. ఆన్‌లైన్ ట్యూటర్‌ను పెట్టి చూశాం. ఆవిడ పాఠం బాగానే చెప్పేవారు. కానీ మేం ఖండం మారగానే ఆవిడ సాయంత్రం మాకు తెల్లవారుజాము అయింది. పిల్ల దుప్పటి కప్పుకుని, కెమెరా ఆపేసి కూర్చునేది. ఆరు వారాలకే మానేశాం.

పోనీ టీచర్‌నే వెంట తీసుకెళ్దామంటే జీతం, టికెట్లు, గది ఒక ఎత్తు, వీసా ఇంకో ఎత్తు. టూరిస్టు వీసా మీద వచ్చిన మనిషి చేత పని చేయించుకోవడం చాలా దేశాల్లో కుదరదు కదా.

ఇలా చేసినవాళ్లుంటే చెప్పండి. ఒక్కో చోట మూడేసి నెలలుండి అక్కడి ట్యూటర్‌నే పెట్టుకోవడం నయమా? సైన్స్‌లో ప్రాక్టికల్ బదులు రాసే పేపర్ ఉంది, దానికి ల్యాబ్ చూడకుండా తయారవగలరా? ప్రైవేటు విద్యార్థులను అన్ని పరీక్షా సెంటర్లూ తీసుకోవు, మీరు ఎన్ని నెలల ముందు మాట్లాడుకున్నారు?