వేగం ముఖ్యమా, సొంత బాణీ ముఖ్యమా?

ప్రశ్న (అనంతపురం):
అన్నలూ, నాలుగేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నా. టవర్ క్లాక్ దగ్గర మా రూములో రోజూ రాత్రి మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) పెట్టుకుని స్కేల్స్, అంటే స్వరాల వరుసలు, సాధన చేస్తా. 160 బీపీఎంలో, అంటే నిమిషానికి 160 దెబ్బల వేగంలో, దెబ్బకు నాలుగు స్వరాలు తడబడకుండా వస్తున్నాయి. కానీ సోలో రికార్డు చేసి వింటే అందులో నేను కనపడను, ఎవరో ఒకరి నకలే వినిపిస్తుంది. చాలా బాధగా ఉంది. వేగం పెంచుకోవాలా, అది ఆపి సొంతంగా బాణీలు కట్టుకోవాలా?

జవాబు (కడప):
సొంతదనమే తమ్ముడూ. బ్లాక్ సబ్బత్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీకి పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వేశాడు, తర్వాత శ్రుతి కూడా దించాడు. హెవీ మెటల్ అనే రాక్ సంగీతానికి ఆ బరువైన శబ్దం అలా వచ్చింది. వేగం ఒక్కటే కొలత అయితే ఆయన అక్కడే ఆగిపోయేవాడు.

జవాబు (కర్నూలు):
సగమే ఒప్పుకుంటా. తొడుగులతో మళ్లీ వాయించడం నేర్చుకోవడం కూడా సాధనే కదా! తీగను పక్కకు లాగి స్వరం పెంచినప్పుడు అది అనుకున్న చోటికి సరిగ్గా చేరకపోతే మనసులో ఉన్నది బయటికి రాదు. మెట్రోనోమ్ మానకు. కాకపోతే రోజూ అరగంట మూడే స్వరాలతో వాయించు, నోటితో పాడి చూసుకున్నాకే తీగ ముట్టుకో.

ప్రశ్న అడిగినవారు:
పాడటం ఎప్పుడూ ప్రయత్నించలేదన్నా. ఈ రాత్రే మొదలుపెడతా.