గిలక చప్పుడు వింటే మంచం కింద దూరే కుక్కకి స్నానం ఎలా?

పర్లాకిమిడి_కోడలు:

అందరికీ నమస్కారం. పుట్టిల్లు టెక్కలి, మెట్టినిల్లు పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే ఒడియా. మా బంటుగాడు నాటు కుక్క. పిల్లప్పుడు మా అబ్బాయి వీధిలోంచి ఎత్తుకొచ్చాడు. వాడికి రెండు భాషలూ అర్థమవుతాయి, ఏ భాషలోనూ మాట వినడు.

గొడవంతా స్నానం దగ్గరే. మా పక్కింట్లో కొమ్ము పని చేస్తారు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు మీలో చాలామంది చూసే ఉంటారు. కొమ్ము అరగదీసిన పొడిని వాళ్ళు పెరటిగోడ వారన పోస్తారు. వీడికి అదే పరుపు. అందులో పొర్లి, పైన ఒక వాన తడిసి వస్తే ఆ కంపు వర్ణించలేను. మా అత్తగారికి పూజలూ మడీ ఎక్కువ. "స్నానం చేయిస్తే వసారాలోకి రానిస్తాను, లేకపోతే పెరట్లోనే" అని తేల్చేశారు. వాడేమో వానాకాలమంతా పెరట్లో ఉండలేడు.

నూతి దగ్గర గచ్చు మీద చేయిస్తాం. గిలక కిర్రుమంటే చాలు, ఎక్కడున్నా పరుగెత్తి మంచం కింద దూరిపోతాడు. మా ఆయన లాక్కొచ్చి గొలుసుతో నూతి రాటకి కడతారు. నేను చేదతో గబగబా పోసేస్తాను. వాడు నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి చాపి, జారుతూ, వీధి వీధంతా వినేలా ఏడుస్తాడు. విచిత్రం ఏమిటంటే వాన పడితే అదే పెరట్లో గెంతుతాడు. మా అబ్బాయి వెంట మహేంద్రతనయ ఏటికి వెళ్తే పొట్టలోతు నీళ్ళలోకి తనే దిగుతాడు!

పోనీ మనకెందుకని కారు మాట్లాడుకుని బరంపురంలో ఒక గ్రూమింగ్ షాపుకి తీసుకెళ్ళాం. మమ్మల్ని బయట కూర్చోబెట్టి తలుపేసుకున్నారు. లోపల పైపు హోరు, వీడి అరుపులు. తెల్లగా మెరుస్తూ బయటికి వచ్చాడు, నిజమే. అప్పట్నించి తువ్వాలు దులిపినా వణుకుతున్నాడు.

మొన్న స్నానంలో మా అబ్బాయి చేతికి పళ్ళు గీసుకుని కొంచెం రక్తం వచ్చింది. పసుపు పెట్టాను. ఇక నాకు ధైర్యం లేదు. కుంకుడుకాయ అంటారు అత్తగారు, డెట్టాల్ అంటారు మా ఆయన. అసలు స్నానం లేకుండా కుక్కని శుభ్రంగా ఉంచే దారి ఏమైనా ఉందా?

రాయగడ_బాస్:

అక్కా, దీనికింత టెన్షనా? మాది ల్యాబ్రడార్, 30 కిలోలు పైనే. మెడ గట్టిగా పట్టుకుని రెండు బకెట్లు గుమ్మరించడమే. ఇంట్లో పెద్ద ఎవరో కుక్కకి తెలియాలి. మరీ అల్లరి చేస్తే సగం నిద్రమాత్ర పెరుగన్నంలో కలిపి పెట్టండి, బొమ్మలా నిలబడుతుంది.

కాశీనగర్_పాత_ఎల్ఐ:

అమ్మా, ముందు పిల్లాడి సంగతి చూడండి. కుక్క తర్వాత. గీసుకున్న చోట సబ్బు రాసి, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. మొన్నటిదైనా సరే, ఇప్పుడు కడగండి. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకూడదు. ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించండి. బంటుకి రేబిస్ టీకా వేయించారో లేదో మీరు రాయలేదు. కార్డు ఉంటే వెంట తీసుకెళ్ళండి. కార్డు ఉంది కదా అని మాత్రం ఇంట్లో కూర్చోవద్దు.

నిద్రమాత్ర సలహా ఇచ్చిన బాబుకి ఒక మాట. మనుషుల మాత్రలు కుక్కలకి పెట్టకండి. అవసరమైతే కుక్క బరువు చూసి, గుండె చూసి పశువైద్యుడు రాసే మందులు వేరే ఉన్నాయి. సగం, పావు అని మనం వంటింట్లో కొలిచేవి కావు.

ఇక స్నానం. నేను లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌ (ఎల్ఐ)గా చేసి రిటైరయ్యాను. ఆవులూ మేకలూ ఎక్కువ చూశాను, కుక్కలు తక్కువేమీ కాదు. మీ ఉత్తరంలోనే జవాబు ఉందమ్మా. వానలో గెంతేవాడికి, ఏట్లో దిగేవాడికి నీళ్ళంటే భయం ఎక్కడిది? వాడి భయం గిలక చప్పుడు, కాళ్ళ కింద జారే గచ్చు, మెడకి బిగిసే గొలుసు, నెత్తిన ఒక్కసారిగా పడే చన్నీళ్ళు. ఇవన్నీ ఒకేచోట ఒకేసారి జరుగుతుంటే, మొదటి చప్పుడుకే మిగతావన్నీ వాడికి గుర్తొస్తాయి. షాపు తర్వాత తువ్వాలు కూడా ఆ జాబితాలో చేరింది.

అందుకని వాటిని విడదీయాలి. స్నానం రోజున నీళ్ళు ముందే, వాడు మీ అబ్బాయితో వీధిలోకి వెళ్ళినప్పుడు తోడి పెట్టుకోండి. నూతి దగ్గర అసలు వద్దు. పెరట్లో ఇంకో మూల చూడండి. కింద తడిపిన గోనె సంచి మడతలు వేసి పరవండి. కాలికి పట్టు దొరికితే సగం కుక్కలు అక్కడే కుదుటపడతాయి. కాలు జారడమంటే కుక్కకి ఎంత భయమో మనకి తెలియదు, మనం చెప్పులు వేసుకుని నిలబడతాం కదా.

మొదట కొన్నాళ్ళు నీళ్ళే వద్దు. గోనె సంచి పరిచి, దాని మీద ఉడికించిన గుడ్డు ముక్కో కోడి కార్జం ముక్కో వేయండి. తిని వెళ్ళిపోనివ్వండి. తనంతట తానే వచ్చి నిలబడుతున్నాడంటే తడిగుడ్డతో కాళ్ళు తుడవండి, ముక్క పెట్టండి, వదిలేయండి. తర్వాత ఖాళీ మగ్గు పక్కన పెట్టండి. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళు కాస్త, వెనక కాళ్ళ మీద. మగ్గు ఒంటికి ఆనించి జారవిడవాలి, ఎత్తు నుంచి పోయకూడదు. వెనక నుంచి ముందుకి రండి, మెడ దగ్గర ఆగిపోండి. తలకి నీళ్ళు పోసే పనే లేదు. తడిగుడ్డతో మొహం, చెవి బయటివైపు తుడిస్తే చాలు. చెవిలోకి నీరు పోతే కొత్త జబ్బు కొనితెచ్చుకున్నట్టే.

అరవకముందే కుక్క చెబుతుంది. మూతి నాక్కుంటుంది, ఊరికే ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపులు చూస్తుంది, తోక ముడుస్తుంది. అక్కడే ఆపేయండి. గుర్రుమంటే తిట్టొద్దు, కొట్టొద్దు. గుర్రుమనడం మానిపిస్తే తర్వాత చెప్పకుండా కరుస్తుంది.

కుంకుడు రసం కంట్లో పడితే మంట, ఆ ఒక్క మంటతో మీరు కష్టపడి నేర్పిందంతా పోతుంది. డెట్టాల్ అసలే వద్దు, ఒళ్ళు నాక్కునే జంతువుకి అది విషం. మన సబ్బు, మన షాంపూ కూడా వద్దు. మన చర్మానికి ఆమ్ల గుణం ఎక్కువ, కుక్కది దాదాపు తటస్థం. కుక్కల షాంపూ కొంచెం మగ్గు నీళ్ళలో కలిపి వాడండి. నురగ పూర్తిగా పోయేదాకా కడగండి, మిగిలిపోతే దురద.

ఒక్కటి మాత్రం ముందు చూసుకోండి. చెవి మొదట్లో ముట్టుకుంటే అరుస్తున్నాడా? తల విదిలిస్తున్నాడా? చెవిలో పుల్లటి వాసన ఉందా? ఉంటే అది భయం కాదు, నొప్పి. వైద్యం అయ్యాకే మిగతావి.

వంశధార_గట్టు:

మాది గుణుపురం. ఎల్ఐ గారు అన్నీ చెప్పేశారు, నేను బొచ్చు గురించి చెప్తాను. మాది తెల్ల స్పిట్జ్, అందరూ పామేరియన్ అంటారు.

మా ఇంట్లో దీని స్నానం అంటే స్నాన పూర్ణిమే. పూరీలో జగన్నాథుడికి 108 కలశాల నీళ్ళు పోశాక జ్వరమొచ్చి 15 రోజులు దర్శనం ఇవ్వడు కదా, ఈవిడ కూడా అంతే. స్నానం అయ్యాక అలిగి బియ్యం డబ్బా వెనక పడుకుంటుంది, ప్రసాదాలు అక్కడికే పంపాలి.

నేను తెలుసుకున్నది ఏమిటంటే, కుక్క మురికిలో ఎక్కువ భాగం పొడిగా ఉన్నప్పుడే పోతుంది. బురదతో వస్తే వెంటనే కడగొద్దు. గోనె మీద కట్టేసి ఆరనివ్వండి. ఎండాక బ్రష్ చేస్తే మట్టి రాలిపోతుంది. మీ కొమ్ము పొడి అయితే ఇంకా సుళువు, తడవకముందే దులపండి. వాసన మిగిలితే పిండిన తడిగుడ్డతో వెంట్రుకల వాలులో ఒకసారి, ఎదురుగా ఒకసారి తుడిచి, పొడిగుడ్డతో ఒత్తండి. మొక్కజొన్న పిండి చల్లి రుద్ది దులిపినా జిడ్డు లాగేస్తుంది. మొహం మీద మాత్రం చల్లకండి, పీలుస్తాయి.

బొచ్చు చిక్కుపడి ఉంటే స్నానానికి ముందే చిక్కు తీయాలి. తడిస్తే బిగుసుకుపోయి చర్మాన్ని లాగుతుంది, దానికి మళ్ళీ మనల్నే తిట్టుకుంటాయి. మీ నాటు కుక్కకి ఈ బాధ లేదు, అదృష్టవంతులు. పొట్టి బొచ్చుకి నెలకోసారి స్నానం చాలు. వారం వారం చేయిస్తే చర్మంలో నూనె పోయి పొడిబారుతుంది.

ఆరబెట్టడం మర్చిపోవద్దు. మన వైపు వానల్లో గుడ్డలే ఆరవు. వేళ్ళ సందులు, చంకలు, చెవి మడత కింద పాత లుంగీతో ఒత్తండి. తడి నిలిస్తే పుండ్లు పడతాయి. తువ్వాలంటే భయం అన్నారు కాబట్టి లుంగీయే మేలు, అది వాడికి ఇంటి వాసన.

పర్లాకిమిడి_కోడలు:

ఎల్ఐ గారూ, మీ మాట చదివిన వెంటనే అబ్బాయి చెయ్యి కడిగి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. సూది వేశారు, మిగతా సూదులకి తేదీలు రాసిచ్చారు. చాలా థాంక్స్ అండీ.

గోనె సంచి పని మొదలుపెట్టాను. గుడ్డు ముక్క కోసం వచ్చి నిలబడుతున్నాడు. మా అత్తగారు ఈ ఇంట్లో మడి ఏమైపోతోందో అంటున్నారు, కానీ గుడ్డు ఉడకబెట్టడానికి పెరట్లో పాత పొయ్యి ఆవిడే వెలిగించి ఇచ్చారు.

కాళ్ళు తుడుస్తుంటే వేళ్ళ సందుల్లో పిడుదులు కనిపించాయి, చెవి వెనక కూడా. మా ఆయన కిరసనాయిలు రాద్దాం అంటున్నారు. పక్కింటి మావుసీ కొబ్బరినూనెలో కర్పూరం అంటోంది. ఏది మంచిది?

కాశీనగర్_పాత_ఎల్ఐ:

రెండూ వద్దమ్మా. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది. కర్పూరం నాకితే ఫిట్స్ రావచ్చు. చేతికి గ్లవుజు వేసుకుని, పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి తిన్నగా పైకి లాగండి. మెలితిప్పొద్దు, గోటితో నలపొద్దు. వాడి బరువు చూపించి పిడుదుల మాత్రో, మెడ వెనక వేసే చుక్కల మందో డాక్టరు దగ్గర రాయించుకోండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే అదీ చెప్పండి, కొన్ని మాత్రలు అలాంటి కుక్కలకి పడవు. పడుకునే గోనె, గోడ పగుళ్ళు కూడా శుభ్రం చేయాలి, గుడ్లు అక్కడే పెడతాయి.

అన్నం మానేసి, ఒళ్ళు కాలుతూ, చిగుళ్ళు పాలిపోయి కనిపిస్తే ఆగకుండా రక్తపరీక్ష చేయించండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు కుక్కల్ని తొందరగా లాగేస్తాయి. స్నానం వాయిదా పడినా ఫరవాలేదు, ఇది వాయిదా వేయకండి.

రాయగడ_బాస్:

ఎల్ఐ గారూ, ఊరికే అడుగుతున్నా. మా ల్యాబ్ స్నానం అప్పుడు పక్కకి చూస్తూ ఆవలిస్తుంటాడు. నిద్రొస్తోంది అనుకునేవాళ్ళం. మాది టైల్స్ బాత్రూం. గోనె సంచి అక్కడ కూడా పనిచేస్తుందా?

కాశీనగర్_పాత_ఎల్ఐ:

పనిచేస్తుంది బాబూ. టైల్స్ అయితే రబ్బరు చాప ఇంకా మంచిది. తలుపు తెరిచి ఉంచు. మెడ వదిలెయ్యి.