లోపలివైపు కూడా తాళంచెవితో తీసే లాక్ – ఒప్పుకుంటారా, ఒప్పుకోరా?

శనివారంపాయె:
పొద్దున తొమ్మిదింటికి ఈ లాక్ మార్చే పని మొదలుపెట్టాను, ఇప్పుడు సాయంత్రం నాలుగైంది. హార్డ్‌వేర్ షాపుకి మూడుసార్లు తిరిగాను. పక్క తలుపుకి రెండువైపులా చెవితో తీసే డెడ్‌బోల్ట్, అంటే చౌకట్టులోకి దూరే గడియ లాక్, పెట్టించాను. నిన్న ఇన్‌స్పెక్టర్ వచ్చి ఫెయిల్ అని కాగితం అంటించి పోయాడు. ముందు తలుపుకి అదే లాక్ పదేళ్లుగా ఉంది, దాన్ని ఇన్నాళ్లూ ఎవడూ ఏమీ అనలేదు. నెట్‌లో చూస్తే ఒకడు పెట్టుకోవచ్చంటాడు, ఇంకొకడు నేరం అంటాడు. బిల్డింగ్ కోడ్‌లో ఏముందో ఒక్క మాటలో చెప్పండి. అవునా, కాదా?

తాళంకప్ప:
కాదు.

మియాపూర్ మావయ్య:
బాబూ, ఒక్క మాటలో తేలేది కాదిది. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016, నాలుగో భాగం తీసి చూడు. బయటికి పోయే తలుపు లోపలున్నవాళ్లకి తాళం చెవి అక్కర్లేకుండా తెరుచుకోవాలని అందులో ఉంది. కానీ వింటున్నదెవరు? మా అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదకొండు కాగానే వాచ్‌మన్ కింద కొలాప్సిబుల్ గేటుకి తాళం వేసి, చెవి దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. మెట్లు దిగి వచ్చినవాడు గ్రిల్లు పట్టుకుని "రాములూ, రాములూ" అని అరవాలి. టెర్రస్ తలుపు చెవి సెక్రెటరీ దగ్గర, ఆయనేమో నెలలో పదిహేను రోజులు ఊళ్లో ఉండడు. 2025 మేలో చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో 17 మంది పోయారు. అక్కడ దారే ఇరుకు, ఒక్కటే మెట్లదారి. ఆ వారమంతా మా గ్రూపులో అదే చర్చ, తర్వాత మళ్లీ మామూలే. మీటింగులో నేను లేస్తే "మావయ్యగారు మళ్లీ మొదలెట్టారు" అంటారు. ఇంతకీ మీకు వచ్చింది జీహెచ్ఎంసీ వాళ్లా, ఫైర్ వాళ్లా?

పర్మిట్ల పని:
డెడ్‌బోల్ట్, అంటించిన కాగితం... ఇది అమెరికాలా ఉంది. ఏ రాష్ట్రం? సొంతిల్లా, అద్దెదా? అసలు ఇన్‌స్పెక్టర్ ఎందుకొచ్చాడు?

శనివారంపాయె:
సారీ, టెక్సస్. డాలస్ పక్కన. చెప్పాననుకున్నా.

మియాపూర్ మావయ్య:
ఎక్కడ చెప్పావు నాయనా! అరగంట కూర్చుని టైపు చేశాను.

గోదారిగట్టు:
టెక్సస్ అయితే మీరెందుకు కంగారు పడుతున్నారు? లాకులు పెట్టించడం ఓనర్ బాధ్యత. అక్కడి ప్రాపర్టీ కోడ్ 92వ అధ్యాయం ప్రకారం బయటి తలుపులకి లోపల్నించి మాత్రమే, చెవి లేకుండా వేసుకునే కీలెస్ బోల్ట్ పెట్టాలి, బయట ఎవరున్నారో చూసుకునే కన్నం ఉండాలి. పాత అద్దెవాళ్లు ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగాక ఏడు రోజుల్లోపు లాకులకి చెవులు మారేలా రీకీ చేయించాలి, అదీ ఓనర్ ఖర్చుతోనే. నేను ఇర్వింగ్‌లో ఉన్నప్పుడు దీని మీద రెండు నెలలు పోట్లాడాను. అన్నీ మెయిల్లో పెట్టండి, నోటిమాటగా వద్దు.

శనివారంపాయె:
సొంతిల్లు అండీ.

గోదారిగట్టు:
అయితే ఇది వర్తించదు.

శనివారంపాయె:
గరాజ్‌ని గదిగా మార్చాం. దానికే పర్మిట్ తీసుకున్నాం, ఇది ఫైనల్ ఇన్‌స్పెక్షన్. ఆ గదిలోంచి పక్క సందులోకి ఒక తలుపు పెట్టాం. గొడవ దాని లాక్ గురించే.

పర్మిట్ల పని:
ఈ ముక్క మొదటే చెప్పుంటే బాగుండేది. ఇప్పుడు వినండి. అక్కడి ఊళ్లలో ఇళ్లకి వాడేది ఐఆర్‌సీ, అంటే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్. ఏ సంవత్సరం ఎడిషన్ అన్నది ఊరిని బట్టి మారుతుంది, ఈ సంగతి మాత్రం అన్నిట్లో ఒకటే. 2021 ఎడిషన్‌లో అయితే సెక్షన్ ఆర్311.2 చూడండి. ఇంటికి కనీసం ఒక ఎగ్రెస్ డోర్, అంటే ఆపదలో బయటపడే తలుపు, ఉండాలి. తలుపు 90 డిగ్రీలు తెరిచినప్పుడు దారి 32 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల ఎత్తు రావాలి. లోపలున్నవాళ్లు చెవి లేకుండా, ప్రత్యేకంగా ఎవరూ నేర్పకుండా, బలం ఉపయోగించకుండా దాన్ని తీయగలగాలి. చెవి పక్కన మేకుకి తగిలించి ఉంచుతాం అంటే కుదరదు. అర్ధరాత్రి పొగలో ఆ మేకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

తాళంకప్ప:
కనీసం ఒకటి అని మీరే రాశారు. మిగతా తలుపులకి ఆ రూలు లేదు. అది పక్క తలుపు.

పర్మిట్ల పని:
కొలతల రూలు మిగతావాటికి లేదు, నిజమే. లాక్ మాటకొస్తే ఎగ్రెస్ డోర్ అంటే ఏది అన్నది ప్రశ్న.

తాళంకప్ప:
బయటికి పోయే ప్రతి తలుపూ ఎగ్రెస్ డోర్ కాదు. ఎగ్జిట్ వేరు, ఎగ్రెస్ వేరు. అందరూ కలిపేస్తారు.

గోదారిగట్టు:
ఎగ్రెస్ అంటే మొత్తం దారి కదా? గది నుంచి రోడ్డు దాకా.

తాళంకప్ప:
మీన్స్ ఆఫ్ ఎగ్రెస్ అంటే దారి. ఎగ్రెస్ డోర్ అంటే తలుపు.

మియాపూర్ మావయ్య:
మా కోడ్‌లో ఎగ్జిట్ అనే రాస్తారు. ఏ గొడవా లేదు.

పర్మిట్ల పని:
మాటల సంగతి పక్కన పెట్టండి. తాళంకప్ప గారు చెప్పినట్టే లెక్కేద్దాం, చెవి లేకుండా తీసే తలుపు ఒక్కటి ఉంటే చాలు అనుకుందాం. ముందు తలుపుకీ అదే లాక్ అని ఈయనే రాశారు. మరి ఆ ఒక్కటి ఏది? పెరటి వైపు ఇంకేదైనా తలుపు ఉందా?

శనివారంపాయె:
పెరట్లోకి అద్దాల స్లైడింగ్ డోర్ ఉంది.

పర్మిట్ల పని:
అది లెక్కలోకి రాదు. ఆ ఒక్కటీ పక్కనున్న కీళ్ల మీద తిరిగి తెరుచుకునే తలుపు అయి ఉండాలి. అంటే ఇంట్లో చెవి లేకుండా బయటపడే తలుపు మీకు కోడ్ ప్రకారం ఒక్కటీ లేదు. ముందు తలుపుది పాత పని కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. కొత్త పర్మిట్ తీసుకుని మీరే ఇన్‌స్పెక్టర్‌ని ఇంటికి పిలిచారు.

తాళంకప్ప:
ముందుది కూడా మార్చండి. బ్యాక్‌సెట్, అంటే తలుపు అంచు నుంచి లాక్ కన్నం మధ్యకి దూరం, 2⅜ అంగుళాలా, 2¾ అంగుళాలా కొలుచుకుని వెళ్తే నాలుగోసారి తిరగక్కర్లేదు.

ఈశాన్యం:
గరాజ్ ఏ మూల ఉంది? పక్క సందులోకి తలుపు అంటే దక్షిణం అయ్యుంటుంది. లాక్ సంగతి తర్వాత, ముందు ఆ తలుపే ఉండకూడదు.

తాళంకప్ప:
😐

శనివారంపాయె:
అసలు సంగతి చెప్తాను. ఆ గది మా అమ్మ కోసం. రెండేళ్లుగా మతిమరుపు జబ్బు. పోయిన డిసెంబర్లో రాత్రి రెండింటికి తలుపు తీసుకుని వెళ్లిపోయింది. నాలుగిళ్ల అవతల ఒకళ్ల వరండాలో కూర్చుని ఉంటే వాళ్లు ఫోన్ చేశారు. కాలికి చెప్పులు లేవు. "అన్నవరం బస్సు ఇంకా రాలేదు" అంది. చెవి లాక్ అందుకే. ఇప్పుడు కోడ్ కోసం మామూలు నాబ్ పెడితే అమ్మ చక్కగా తిప్పుకుని వెళ్లిపోతుంది.

రాజమండ్రి కోడలు:
తమ్ముడూ, మా మావగారితో నేను నాలుగేళ్లు ఇదే పడ్డాను. మేమూ మొదట చెవి లాకే పెట్టాం. ఒకరోజు వంటింట్లో నూనె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. అలారం మోగుతుంటే ఆయన తలుపు దగ్గర నిలబడి పిడి లాగుతున్నారు. చెవి నా కొంగుకే ఉంది, కానీ చేతులు వణికి కన్నంలో దూరలేదు. మర్నాడే తీయించేశాను. తర్వాత తలుపుకి నా పాత గజ్జెలు కట్టాను, నవ్వకండి, ఏ సెన్సర్ కంటే ముందు నాకు మెలకువ తెప్పించింది అదే. తలుపు తెరుచుకోగానే మోగే చిన్న అలారం కూడా పెట్టాం, రెండు ముక్కలుగా అతికించే రకం. మంచం దిగి కాలు పెట్టగానే నా గదిలో మోగే చాప ఇంకొకటి. తలుపు మీద గోడ రంగులోనే కర్టెన్ వేస్తే చాలాసార్లు అది తలుపని ఆయనకి తోచేది కాదు. అమ్మగారి చేతికి మీ ఫోన్ నంబరున్న కడియం తప్పకుండా వేయండి.

శనివారంపాయె:
తలుపు పైభాగాన గడియ పెడితే? అమ్మకి అందదు.

పర్మిట్ల పని:
కొత్తవాళ్లకి కనపడని చోట గడియ ఉంటే అదీ చెవి లాంటిదే అని ఇన్‌స్పెక్టర్ అనొచ్చు. ఆయన్నే అడగండి. అలారం పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అది సరే, కాగితం మీద లాక్ ఒక్కటే రాశాడా? ఉన్నది ఉన్నట్టు టైప్ చేయండి.

శనివారంపాయె:
రెండో లైను ఉంది, నేను పట్టించుకోలేదు. కిటికీ, సిల్ 47 అని రాశాడు.

పర్మిట్ల పని:
అసలు ఖర్చు అక్కడుంది! అది పడకగది కాబట్టి కిటికీలోంచి కూడా మనిషి బయటికి రాగలగాలి. నేల నుంచి సిల్, అంటే కిటికీ కింది అంచు, 44 అంగుళాలు దాటకూడదు. తెరిచినప్పుడు ఖాళీ కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 ఎత్తు, మొత్తం మీద నేల అంతస్తులో 5 చదరపు అడుగులు, పై అంతస్తుల్లో 5.7. 20, 24 రెండూ కనీసమే పెడితే వచ్చేది 3.3 చదరపు అడుగులే, చాలామంది అక్కడే దెబ్బతింటారు. లాక్ మార్చడం అరగంట పని. కిటికీ కిందికి దించాలంటే గోడ కోయాలి. వేసిన కాంట్రాక్టర్‌తోనే సరిచేయించండి, అప్పటిదాకా చివరి డబ్బు ఇవ్వకండి.

గోదారిగట్టు:
మెయిల్లో పెట్టండి.

శనివారంపాయె:
రెండు లాకులూ మార్చేశాను. బ్యాక్‌సెట్ 2¾. అక్కా, గజ్జెలు లేవు, పూజగదిలో గంట తీసి కట్టాను. థాంక్స్ అందరికీ.

పర్మిట్ల పని:
మరి కిటికీ?

పర్మిట్ల పని:
కాంట్రాక్టర్ ఏమన్నాడు?

మియాపూర్ మావయ్య:
పది రోజులైంది, ఆయన రాడు. మా గేటు విషయం ఎవరికి రాయాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి. వాచ్‌మన్ ఊరెళ్లాడు, చెవి కూడా పట్టుకెళ్లాడు.