టాప్ ట్యూబ్‌కు రెండు పక్కలా గీతలు: కార్బన్ ఫ్రేమ్ ఎక్కడ దెబ్బతిన్నట్టు?

హన్మకొండ_పెడల్
అన్నలూ, కార్బన్ రోడ్ బైక్. హెడ్ ట్యూబ్‌కు (హ్యాండిల్ కింది పొట్టి నిలువు గొట్టం) జానెడు వెనక, టాప్ ట్యూబ్ (అక్కడి నుంచి సీటు దిక్కు పోయే పై గొట్టం) ఎడమ పక్కన వెంట్రుక లెక్క గీత. ట్యూబ్ పొడవునే పోయింది, 7 సెంటీమీటర్లు. కుడి పక్క గూడ అదే ఎత్తుల ఇంకోటి. పైన, కింద ఒక్క గీరు లేదు. బైక్ ఎక్కడా పడలేదు. ఈ మధ్య సర్వీసుకిచ్చిన, తర్వాత కారు రూఫ్ ర్యాక్ మీద లక్నవరం తీస్కపోయిన. ర్యాక్ పనేనా, ఎండ దెబ్బనా? ఉత్త పెయింటేనా?

కాజీపేట_గేర్
ముందు పెయింటా, కార్బనా తేల్చుకో తమ్మీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి టార్చి ఏటవాలుగా కొట్టు. రూపాయి బిళ్ళ అంచుతో సెంటీమీటరుకోసారి తట్టుకుంట పో. టక్కుమనేది గీత దగ్గర మొద్దుగా వినపడితే లోపల కార్బన్ పొరలు విడిపోయినట్టే. జాయింట్ల దగ్గర మందం మారి శబ్దం ఎట్లయినా మారుతది, దాన్ని లెక్కల వేస్కోకు. బొటనవేలితో నొక్కితే గీత తెరుచుకుంటే ఇంక అనుమానమే లేదు.
ఎండ మాట విడిచిపెట్టు. మన మే నెల 45 డిగ్రీలకు ఫ్రేముల కార్బన్ పోగులను పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు మెత్తబడదు.

ఓరుగల్లు_కార్బన్
ర్యాక్ కాదనుకుంటా. రూఫ్ ర్యాక్ సాధారణంగా పట్టేది డౌన్ ట్యూబ్‌నో (హ్యాండిల్ నుంచి పెడళ్ళ దాకా ఏటవాలుగా దిగే గొట్టం), ముందు చక్రాన్ని పట్టే ఫోర్క్‌నో. టాప్ ట్యూబ్‌కు వేలాడదీసేవి డిక్కీ ర్యాకులు. హ్యాండిల్ తిరిగి తగిలితే పగులు ఒక పక్కే, ఒక చుక్క దగ్గర ఉంటుంది. గ్రానైట్ లారీల రోడ్డు మీద ఎగిరే రాళ్ళు కొట్టేది డౌన్ ట్యూబ్ అడుగున.
ట్యూబ్‌ను పైనా కిందా పట్టి పిసికితే అడ్డం గుడ్డులా అవుతుంది. నొక్కినచోట సాగేది లోపలి ముఖం, అక్కడ బయటికేమీ కనపడదు. పక్కలు ఉబ్బినచోట సాగేది బయటి ముఖం. అందుకే రెండు పక్కలా ఒకే ఎత్తులో, పొడవునా చీలింది. రబ్బరు ప్యాడ్ ఉంటే గీరు కూడా పడదు. ఇది సర్వీసులో బైక్‌ను పైకెత్తి పట్టే వర్క్ స్టాండ్ బిగింపు (క్లాంప్) గుర్తు. సర్వీసు చేసినవాళ్ళ స్టాండ్ ప్యాడ్ పొడవు కొలవండి, 7 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటే తేలిపోయినట్టే. ఎవరైనా ఎక్కి కూర్చున్నా ఇలాగే చీలుతుంది గానీ, జనం కూర్చునేది నడుమన.
కేబుల్ రంధ్రంలోంచి ఎండోస్కోప్ (సన్నని వైరు కెమెరా) పోతే లోపల పైనా కిందా కూడా చూడండి.

హన్మకొండ_పెడల్
బిళ్ళ శబ్దం రెండు పక్కలా మొద్దుగనే ఉంది. స్టాండ్‌కు పట్టియ్యాల్సింది సీట్‌పోస్ట్ (సీటును మోసే కడ్డీ), కానీ నాది గుండ్రంగ లేని ఏరో రకం, బయటికి కొంచెమే ఉంటది, దానికి బ్యాగు గూడ ఉండె. అందుకే టాప్ ట్యూబ్ పట్టిచ్చినట్టున్నరు. అరాల్డైట్ జిగురు పెట్టి నడపచ్చా?

ఓరుగల్లు_కార్బన్
వద్దు. అరాల్డైట్ గీతను మూస్తుంది, తెగిన పోగులకు బలం తేదు. గీత పొడవునా ఉందంటే తెగినవి ట్యూబ్ చుట్టూ తిరిగే పోగులు, కాబట్టి అతుకు పోగులూ ఆ దిక్కునే చుట్టాలి. పెయింట్ 320 నంబర్ శాండ్ పేపర్‌తో చేత్తోనే తీయించండి. పెయింట్ రిమూవర్ ఎపాక్సీని తినేస్తుంది. చీలిక దాటి ప్రతి వైపూ కనీసం 25 మిల్లీమీటర్లు ఏటవాలుగా అరగదీసి పొరలు వేసేవాళ్ళకే ఇవ్వండి.

కాజీపేట_గేర్
క్లాంప్ దెబ్బకు వారంటీ అడిగి లాభం లేదు. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీసి, కొత్త ఫ్రేమ్ మీద డిస్కౌంట్ ఇస్తరేమో కంపెనీని అడుగు. ఇకమీద ఫోర్క్‌ను యాక్సిల్ (చక్రం ఇరుసు) దగ్గర పట్టి, బాటమ్ బ్రాకెట్‌ను (పెడళ్ళ ఇరుసు ఉండే చోటు) మోసే స్టాండ్ ఉన్న చోటనే ఇయ్యి.