లైనక్స్ ముందుకెళ్లింది జీపీఎల్ వల్లా, బీఎస్‌డీ మీద పడ్డ కోర్టు కేసు వల్లా?

పాత_టెర్మినల్:

ఓపెన్ సోర్స్ గురించి మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు: లైనక్స్‌కి జీపీఎల్ (మార్చి పంచితే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) ఉంది కాబట్టి నిలబడింది, బీఎస్‌డీకి (యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి బర్క్‌లీ యూనివర్సిటీ చేసిన రూపం) అది లేదు కాబట్టి వెనకబడింది అని. నేను ఒప్పుకోను. బీఎస్‌డీని దెబ్బతీసింది కోర్టు కేసు.

బర్క్‌లీలో బిల్ జాయ్ 1978లో మొదటి బీఎస్‌డీ టేపులు పంచడం మొదలుపెట్టాడు. చాలా ఏళ్లపాటు అది కావాలంటే ముందు యూనిక్స్ సొంతదారు ఏటీ అండ్ టీ దగ్గర దాని సోర్స్ లైసెన్స్ కొనాలి. ఆ ధర పెరిగిపోతుండటంతో 1989లో నెట్‌వర్కింగ్ కోడ్‌ని విడిగా, స్వేచ్ఛగా విడుదల చేశారు. మిగతాది కూడా ఇలాగే ఎందుకు ఇవ్వకూడదని బర్క్‌లీ బృందంలోని కీత్ బోస్టిక్ పట్టుబట్టాడు. వాలంటీర్లని పిలిచాడు. అసలు కోడ్ చూడకుండా, ఆ ప్రోగ్రాం ఏం చేస్తుందో బయట అచ్చయిన వివరణ చదివి, మొదటి నుంచి మళ్లీ రాయాలి. దక్కేదల్లా రాసినవాళ్ల పేరు జాబితాలో ఉండటం. ఏడాదిన్నరలో ముఖ్యమైన యుటిలిటీలు దాదాపు అన్నీ తయారయ్యాయి! తర్వాత బోస్టిక్, కిర్క్ మెకుసిక్, మైక్ కారెల్స్ ముగ్గురూ కూర్చుని కెర్నల్‌ని, అంటే సిస్టమ్ గుండెకాయని, ఫైలు ఫైలుగా జల్లెడ పట్టారు. తేలిగ్గా తిరగరాయలేనివి ఆరు ఫైళ్లు మిగిలాయి. వాటిని పక్కన పెట్టి మిగతాదంతా 1991 జూన్‌లో నెట్/2 పేరుతో విడుదల చేశారు. ఆ ఆరు ఫైళ్లూ సొంతంగా రాసి, ఇంటెల్ 386 చిప్ ఉన్న పీసీ మీద నడిపించి చూపించింది జోలిట్జ్ దంపతులు. అదే 386బీఎస్‌డీ.

1992 ఏప్రిల్‌లో కేసు పడింది. బీఎస్‌డీఐ అనే చిన్న కంపెనీ ఇదే కోడ్‌ని సోర్స్‌తో సహా 995 డాలర్లకు అమ్ముతోందని, అందులో తమ కోడ్ ఉందని ఏటీ అండ్ టీ వాళ్ల యూనిక్స్ కంపెనీ యూఎస్ఎల్ కోర్టుకెక్కింది. తర్వాత యూనివర్సిటీని కూడా లాగింది. 1994 మొదట్లో రాజీ కుదిరింది. మొత్తం 18,000 ఫైళ్లలో తీసేయాల్సి వచ్చినవి మూడు. ఓ 70 ఫైళ్లకి యూఎస్ఎల్ కాపీరైట్ వాక్యం చేర్చారు. అంతే!

ఈ గొడవ నడుస్తున్న రోజుల్లోనే లైనక్స్ 0.95 నుంచి 1.0 దగ్గరికి వచ్చేసింది. 1993లోనే లైనక్స్‌ని వేసుకోవడానికి సిద్ధంగా కట్టి ఇచ్చే స్లాక్‌వేర్ వచ్చింది, అలాంటిదే డెబియన్ మొదలైంది. 386బీఎస్‌డీ ముందే అందుబాటులో ఉండుంటే లైనక్స్ పుట్టేదే కాదేమోనని దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కూడా 1993లో ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. ఇక లైసెన్స్ సంగతి ఎక్కడిది?

రౌటర్_రూట్:

కథ బాగా చెప్పారు. కానీ కేసు 1994లో తేలిపోయింది కదండీ. ఆ తర్వాత ముప్పై ఏళ్లు గడిచాయి. రెండేళ్ల ఆలస్యాన్ని ముప్పై ఏళ్లలో పూడ్చుకోలేకపోయారంటే వేరే కారణం ఉండాలి. నా లెక్కలో అది లైసెన్సే.

ఒక్క ఉదాహరణ చాలు. లింక్‌సిస్ వాళ్ల డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం-నలుపు వైఫై రౌటర్ గుర్తుందా? లోపల నడుస్తున్నది లైనక్స్ అని 2003లో జనం కనిపెట్టారు. జీపీఎల్ ప్రకారం సోర్స్ ఇవ్వాలి. వెంటపడి అడిగితే కంపెనీ కోడ్ బయటపెట్టింది. దాని మీదే 2004లో రౌటర్లలో వేసుకునే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సిస్టమ్ మొదలైంది. ఇవాళ కంపెనీ వదిలేసిన పాత రౌటర్లు ఎన్నో దాని వల్లే పనిచేస్తున్నాయి. ఆ పెట్టెలో బీఎస్‌డీ ఉండుంటే కంపెనీ ఒక్క లైను కూడా చూపించాల్సిన పని లేదు. ప్లేస్టేషన్ 4 చూడండి, బీఎస్‌డీ నుంచి వచ్చిన ఫ్రీబీఎస్‌డీ మీద కట్టిందే. తమ మార్పులు వెనక్కి ఇవ్వమని సోనీని ఎవరూ బలవంతపెట్టలేరు.

ఒకరికొకరు పోటీ అయిన కంపెనీలు ఒకే కెర్నల్‌లో కోడ్ పెట్టడానికి ధైర్యం చేసింది కూడా అందుకే. మనం ఇచ్చింది అవతలివాడు మూసేసుకుని అమ్ముకోలేడన్న భరోసా ఉంది. 2001లో లైనక్స్ మీద వంద కోట్ల డాలర్లు పెడతామని ఐబీఎం ప్రకటించిందంటే ఆ భరోసా చిన్నది కాదు.

అమీర్‌పేట్_అడ్మిన్:

ఇద్దరూ మనుషుల్ని వదిలేసి కాగితాల గురించి మాట్లాడుతున్నారు.

386బీఎస్‌డీ 0.1 వచ్చింది 1992 జులైలో, అంటే కేసు పడ్డాక. అయినా జనం ఎగబడి దించుకున్నారు, వాడారు, లోపాలు సరిచేసి పంపారు. ఆ ప్యాచ్‌లు అసలు కోడ్‌లోకి చేరలేదు. వాడేవాళ్లే ‘ప్యాచ్‌కిట్’ అని ఒక మూట కట్టుకుని, కొత్తగా వేసుకున్న ప్రతివాళ్లూ ముందు దాన్ని ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఎదురుచూసి విసిగిపోయిన వాళ్లే 1993లో ఒకవైపు నెట్‌బీఎస్‌డీ, ఇంకోవైపు ఫ్రీబీఎస్‌డీ పెట్టుకున్నారు. 1995లో నెట్‌బీఎస్‌డీ నుంచి థియో డి రాట్ విడిపోయి ఓపెన్‌బీఎస్‌డీ మొదలుపెట్టాడు. ఉన్న కాస్త మంది మూడు ముక్కలు.

అదే సమయంలో లైనస్ ఏం చేశాడు? ప్యాచ్ పంపితే చూసి కలిపేవాడు, కొన్నిసార్లు వారానికి ఒకటికి మించి వెర్షన్లు వదిలేవాడు. పంపినవాడికి తన కోడ్ కళ్ల ముందు కనబడుతుంటే మళ్లీ పంపడా? నేను లైనక్స్ సర్వర్ల మీదే బతుకుతున్నవాణ్ని. ప్యాచ్ పంపేటప్పుడు ఎవరూ లైసెన్స్ చూసి పంపరు, తీసుకుంటారా లేదా అని చూస్తారు.

ఇంకో మాట. మన దగ్గర లైనక్స్ చేతికొచ్చిందే పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీల్లో. ఇంటర్నెట్ కనెక్షన్ అపురూపమైన ఆ రోజుల్లో, ఇక్కడి కాలేజీ కుర్రాడికి లైనక్సా, బీఎస్‌డీయా అనే ఎంపికే లేదు. సీడీలో ఏముంటే అది.

పాత_టెర్మినల్:

ప్యాచ్‌కిట్ సంగతి నిజం, కాదనను. కానీ ఫ్రీబీఎస్‌డీ వాళ్లు ఆ ముడి విప్పుకున్నాక కూడా కేసు వాళ్లని వదల్లేదు. రాజీ ప్రకారం నెట్/2 మీద కట్టిన 1.x వరుసని ఆపేయాల్సి వచ్చింది. 4.4బీఎస్‌డీ-లైట్ అనే శుభ్రం చేసిన కోడ్‌లో కావాలనే ఖాళీలున్నాయి. వాటిని పూడ్చి 2.0 బయటికి తెచ్చేసరికి 1994 చివరికొచ్చింది. నడుస్తున్న ప్రాజెక్టుని ఆపి పునాది మార్చమంటే ఎంత నష్టమో కోడ్ రాసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

రౌటర్_రూట్ గారూ, రౌటర్ కథ నాకూ ఇష్టమే. అయితే అది 2003 నాటిది. అప్పటికే లైనక్స్ చౌకగా, అన్ని చిప్‌ల మీదా దొరుకుతోంది కాబట్టే కంపెనీ దాన్ని ఆ పెట్టెలో పెట్టింది. జనం ఎందుకు చేరారో అది చెప్పదు. చేరాక ఏం దక్కిందో చెబుతుంది.

సాకెట్_64:

నాకు ప్రశ్న దగ్గరే అభ్యంతరం ఉంది. వెనకబడిందని ఎలా అంటున్నారు?

ప్రోగ్రాంలు నెట్‌తో మాట్లాడే ‘సాకెట్’ పద్ధతి 1983లో 4.2బీఎస్‌డీతో వచ్చింది. లైనక్స్ అదే వాడుతుంది, విండోస్ విన్‌సాక్ దాన్ని చూసి తయారైందే. పాత విండోస్‌లో ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ ప్రోగ్రాం ఫైలు తెరిచి వెతికితే కాలిఫోర్నియా యూనివర్సిటీ రీజెంట్స్ కాపీరైట్ వాక్యం కనిపించేది. ఐఫోన్ సిస్టమ్‌కి పునాది అయిన డార్విన్‌లో ఫ్రీబీఎస్‌డీ నుంచి తీసుకున్న భాగాలున్నాయి. నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సొంత సర్వర్లు ఫ్రీబీఎస్‌డీ మీద నడుస్తాయి, పైగా వాళ్లు తమ మార్పులు తిరిగి ఇస్తున్నారు, ఏ లైసెన్సూ అడగకుండానే. అమీర్‌పేట్_అడ్మిన్ గారు రోజూ లైనక్స్ సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు మొదలుపెట్టింది. వాట్సాప్ 2012లో ఒక్క ఫ్రీబీఎస్‌డీ సర్వర్ మీద ఇరవై లక్షల కనెక్షన్లు నిలబెట్టింది.

రౌటర్_రూట్:

ఆ వాట్సాపే ఫేస్‌బుక్ చేతికి వెళ్లాక లైనక్స్‌కి మారింది. ప్రపంచంలోని 500 పెద్ద సూపర్‌కంప్యూటర్లు 2017 నవంబర్ నుంచి అన్నీ లైనక్సే. ప్రభావం ఉందంటే సరే, నేనూ ఒప్పుకుంటా. కానీ కొత్త హార్డ్‌వేర్ వస్తే డ్రైవర్ ముందు దేనికి వస్తోంది?

అమీర్‌పేట్_అడ్మిన్:

ఎక్కువమంది వాడేదానికి వస్తుంది. ఆ ఎక్కువమంది చేరింది 1992, 1993లలో. అప్పుడు ఒకవైపు తలుపు తీసి పెట్టారు, ఇంకోవైపు కోర్టు నోటీసు అంటించి ఉంది. ఆ నోటీసు విషయంలో పాత_టెర్మినల్ గారితో ఏకీభవిస్తాను. కానీ ప్యాచ్‌కిట్‌ని పేరుకుపోనిచ్చింది మాత్రం యూఎస్ఎల్ కాదు. ఆ మాటకి జవాబు ఇంకా రాలేదు.

పాత_టెర్మినల్:

జవాబు ఇదీ. ప్యాచ్‌కిట్ కట్టినవాళ్లే 1993 నవంబర్‌కల్లా ఫ్రీబీఎస్‌డీ 1.0 ఇచ్చారు, అంటే లైనక్స్ 1.0 కంటే నాలుగు నెలల ముందే. తమ ఇంటి సమస్యని వాళ్లే దిద్దుకున్నారు. దిద్దుకున్న మరుసటి ఏడాదే ఆ కోడ్ పారేయమని రాజీ పత్రం చెప్పింది.