మునీర్ ఎల్ హద్దాదీ: కొద్ది నిమిషాల ఆటతో దేశం ఖరారైపోవాలా?

ప్రశ్న: స్పెయిన్‌లో మొరాకో మూలాలున్న కుటుంబంలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు మునీర్, 2014 సెప్టెంబరులో 19 ఏళ్ల వయసులో మాసిడోనియాతో జరిగిన యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ టోర్నీ) అర్హత మ్యాచ్ చివర్లో కాసేపు స్పెయిన్ తరఫున ఆడాడు. సీనియర్ జట్టులో అతనికి మళ్లీ చోటు దక్కలేదు. అయినా 2018 ప్రపంచ కప్‌లో మొరాకోకు ఎందుకు ఆడలేకపోయాడో ఎవరైనా వివరించగలరా?

జవాబు 1: ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా అప్పటి నిబంధన ప్రకారం సీనియర్ జట్టుకు స్నేహపూర్వక మ్యాచ్‌లు మాత్రమే ఆడినవారే దేశం మారవచ్చు. డీగో కోస్టా అనే ఆటగాడు 2013లో బ్రెజిల్‌కు ఆడిన రెండూ అటువంటివే కనుక 2014 ప్రపంచ కప్‌లో స్పెయిన్‌కు, అదీ బ్రెజిల్ గడ్డ మీదే, ఆడగలిగాడు. మునీర్ ఆడినది అర్హత మ్యాచ్ కావడంతో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కూడా 2018లో అతని అభ్యర్థనను తోసిపుచ్చింది.

జవాబు 2: పై వివరణకు ఒక చేర్పు అవసరం. 2020లో ఫిఫా ఆ నిబంధనను సడలించి, 21 ఏళ్లు నిండకముందు మూడుకు మించకుండా మ్యాచ్‌లు ఆడి, ప్రపంచ కప్ ప్రధాన టోర్నీలో గానీ ఖండస్థాయి ప్రధాన టోర్నీలో గానీ పాల్గొననివారికి, చివరి మ్యాచ్ తరువాత మూడేళ్లు గడిస్తే మారే వీలు కల్పించింది. మునీర్ 2021 మార్చిలో మొరాకో తరఫున బరిలోకి దిగాడు. ఈ సడలింపు న్యాయమైనదే గానీ, చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికి అతను ఒక ప్రపంచ కప్‌ను కోల్పోయాడు.

జవాబు 3: సడలింపు న్యాయమైనదేనన్న జవాబు 2తో ఏకీభవిస్తాను. అయితే మూడేళ్ల గడువు మాత్రం ఉండి తీరాలి. అది లేకపోతే ఆటగాళ్లు టోర్నీకొక జట్టును వెతుక్కునే ప్రమాదం ఉంది.