హైతీ 1825లో ఫ్రాన్స్‌కి డబ్బు కట్టడానికి ఎందుకు ఒప్పుకుంది?

టెన్త్ పిల్లలకి హైతీ విప్లవం చెప్పాలండి, ఒక్క చోట ఆగిపోయా. ఫ్రాన్స్ వలసగా ఉన్న హైతీలో 1791లో బానిసలు తిరగబడ్డారు, వాళ్ల నాయకుడు తూసాంని 1802లో ఫ్రాన్స్ పట్టుకెళ్లి ఫోర్ట్ ద జూ అనే చలికోటలో పడేస్తే మరుసటేడు అక్కడే చనిపోయాడు, అయినా తర్వాతి నాయకుడు దెస్సాలిన్ సైన్యం గెలిచింది, 1804 జనవరి 1న స్వాతంత్ర్యం, ఇక్కడిదాకా క్లియర్. తీరా 1825లో ఫ్రాన్స్ రాజు పాత తోటల యజమానులకి నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంటే హైతీ ప్రెసిడెంట్ బోయే ఒప్పుకున్నాడు! మొదటి వాయిదా 3 కోట్ల కోసం పారిస్ బ్యాంకర్ల దగ్గరే అప్పు చేశారు, చదువుతుంటే కడుపు రగిలిపోయింది. లైబ్రరీలో హిస్టరీ బుక్స్ తిరగేశా, దొరికిన వీడియోలన్నీ చూశా, యుద్ధనౌకలు వచ్చాయి కాబట్టి ఒప్పుకున్నారు అని ఒక్క లైన్‌లో తేల్చేస్తున్నారు. నెపోలియన్ సైన్యాన్నే ఓడించినవాళ్లు కేవలం నౌకలకి భయపడే సంతకం పెట్టారా, లేక దేశంగా గుర్తింపు, వ్యాపారం కోసం కూడానా?